దడికి గుచ్చిన వేపమండలు

పలాస, కాశీబుగ్గ కలిసి మున్సిపాలిటీ అయిన కొత్తలో మా ఊరికి ఒక్కసారిగా కొలతలు వచ్చిపడ్డాయి. అంతకుముందు పంచాయతీ రోజుల్లో ఎవరి అరుగు ఎంతవరకు వస్తే అంతవరకు వాళ్ళదే. కాలవ మీద బల్ల పరిస్తే అది కొట్టు, ఆ బల్ల మీద తాటాకు కప్పితే హోటలు. అడిగేవాడు లేడు, అడిగినా వినేవాడు లేడు. మున్సిపాలిటీ వచ్చాక కాలవ గట్టు నుంచి ఎంత జాగా వదలాలో, కొట్టు ముందు దడి ఎంత ఎత్తుండాలో, బోర్డు ఎక్కడ తగిలించాలో అన్నిటికీ ఒక రూలు పుట్టింది. ఆ రూళ్ళలో సగం మంచివేనని ఇప్పుడు ఒప్పుకుంటాను. అప్పుడు మాత్రం ఒక్కటీ ఒప్పుకోలేదు.

నా పేరు సూర్యం. అక్కుపల్లి రోడ్డులో బోర్డులు రాసే షాపు నాది. జీడిపప్పు కొట్ల బోర్డులు, కిళ్ళీ బడ్డీల బోర్డులు, వేట మొదలయ్యే ముందు పడవల మీద పేర్లు, అన్నీ ఈ చేత్తోనే రాశాను. అప్పటికే విశాఖపట్నం నుంచి ఫ్లెక్సీలు దిగడం మొదలైంది. వాటిమీద నాకున్న కోపం చెప్పడం మొదలుపెడితే అసలు కథ ఆగిపోతుంది కాబట్టి దాన్ని పక్కన పెడతాను.

నా షాపును ఆనుకుని గౌరి ఎండుచేపల కొట్టు. గౌరి భావనపాడు పిల్ల. మొగుడు అసిరయ్య పడవ మీద వేటకు వెళతాడు. పెళ్ళయిన కొత్తలో గౌరి ఎండుచేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఉద్దానం పల్లెలన్నీ తిరిగేది. బస్సెక్కితే కండక్టరు దిగమనేవాడు, దిగకపోతే పక్కనున్నవాళ్ళు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేవాళ్ళు. ఒక ఊళ్ళో ఎండకు తాళలేక ఎవరిదో అరుగు మీద కాసేపు కూర్చుందట. ఆమె లేచి నాలుగడుగులు వేసిందో లేదో ఇంటావిడ బిందెడు నీళ్ళు తెచ్చి అరుగు కడిగిందట. గౌరి ఈ సంగతి నవ్వుతూ చెప్పేది. నాకు మాత్రం విన్న ప్రతిసారీ ఒళ్ళు మండేది.

అందుకే ఆమెకు కొట్టంటే ప్రాణం. తిరగకుండా, ఎవరూ లేవమనకుండా, తన జాగాలో తను కూర్చుని అమ్ముకోవడం. వెనక రెండు గదుల్లో అత్త నూకమ్మ, రెండో క్లాసు చదివే కూతురు రజని, అసిరయ్య, తను. ముందు ఖాళీ జాగాలో చాపల మీద నెత్తళ్ళు, సావళ్ళు, రొయ్యలు ఎండేవి. కుక్కలు రాకుండా, పశువులు తొక్కకుండా చుట్టూ సరుగుడు గుంజలు పాతి, పాత వలలు, కొబ్బరి మట్టలు కట్టి, మనిషి తల దాటేంత ఎత్తున దడి వేసింది. ఆ దడి కాలవ దాటి ఇంచుమించు తారు రోడ్డు దాకా వచ్చేసింది. మధ్యలో ఒక సందు ఉండేది. బేరానికి వచ్చినవాళ్ళు ఆ సందు దగ్గర నిలబడి అడిగితే, లోపలినుంచి గౌరి తూచి ఇచ్చేది. దడి గుంజలకే పైన నా చేతిరాత బోర్డు, రెండు వైపులా రెండు చేపలతో. ఆ చేపల పొలుసులు ఒక్కొక్కటే వేశాను. అంత పని ఆ రోడ్డులో ఇంకే బోర్డుకీ లేదు.

ఏప్రిల్ మొదట్లో నోటీసు వచ్చింది. తెచ్చినవాడు టౌన్ ప్లానింగ్‌లో కొత్తగా చేరిన యుగంధర్. కుర్రాడు, ఇస్త్రీ చొక్కా, మాట మెత్తన. మెత్తగా మాట్లాడేవాణ్ణి తిట్టడం కష్టం కాబట్టి అతనంటే నాకు మరీ మండింది. గౌరి అతన్ని వెంటబెట్టుకుని వచ్చి ఆ కాగితం నా చేతిలో పెట్టింది.

"ఇదేటో సదువు అన్నియ్యా."

చదివాను. కాలవ గట్టు నుంచి దడి రెండు మీటర్లు లోపలికి జరగాలి. ముందువైపు దడి మొలెత్తు దాటకూడదు. లోపల ఏముందో రోడ్డుకు కనబడాలి. బోర్డు సొంత గోడకే ఉండాలి, కాలవ మీదికి గానీ రోడ్డు మీదికి గానీ రాకూడదు. పదిహేను రోజుల్లోగా తియ్యకపోతే మున్సిపాలిటీయే తీసేస్తుంది.

"మొలెత్తు దడి కుక్కలకేటి లెక్క?" అంది గౌరి. "దూకి తినేత్తాయి. ఎండబెట్టీది సేపలండి బాబూ, పిడకలు కావు."

యుగంధర్ ఇబ్బందిగా నిలబడ్డాడు. "అమ్మా, మీ ఒక్కరికే కాదు. రోడ్డు పొడుగునా అందరికీ ఇదే రూల్. వర్షం పడితే కాలవ క్లీన్ చెయ్యడానికి మనిషి దిగే జాగా కూడా లేదు ఇక్కడ. మీరే తీసుకుంటే గుంజలు, వలలు మీకు మిగులుతాయి. మా వాళ్ళు తీస్తే ఏది ఎలా ఉంటుందో నేను చెప్పలేను."

"బోర్డు సంగతేమిటి?" అన్నాను నేను.

"బోర్డు బాగుందండీ," అన్నాడు అతను. "కానీ తియ్యాలి."

ఆ కుర్రాడు వెళ్ళాక నేను ఒక గంటసేపు మున్సిపాలిటీని తిట్టాను. గౌరి తిట్టలేదు. దడి కేసి చూస్తూ కూర్చుంది. ఆమె భయం నాకు తెలుసు. ఏప్రిల్ సగం నుంచి మే ఆఖరు దాకా సముద్రంలో వేట నిషేధం. పచ్చిచేప దొరకని ఆ రోజుల్లోనే ఎండుచేపకు గిరాకీ. ఏడాది పొడుగునా కొట్టు నిలబడేది ఆ కాస్త కాలం మీదే. ఇప్పుడు ఎండబెట్టుకునే జాగా పోతే సరుకు పోతుంది, సరుకు పోతే కొట్టు పోతుంది, కొట్టు పోతే మళ్ళీ నెత్తిన తట్టే.

వేట లేకపోవడంతో అసిరయ్య ఇంటి పట్టునే ఉన్నాడు. సముద్రం మీద అతనంత చురుకైనవాడు లేడంటారు. ఇంట్లో ఉంటే మాత్రం చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియదు. ఏదో ఒకటి చేస్తాడు, అది చెడిపోతుంది. నోటీసు గడువు దాటాక వచ్చిన శుక్రవారం కూడా అదే జరిగింది.

పొద్దున్నే గౌరి మిగిలిన సరుకు తెచ్చుకోడానికి భావనపాడు వెళ్ళింది. ఆమె అటు వెళ్ళగానే ఇటు కరెంటువాళ్ళు వచ్చి, తీగలకు తగులుతున్నాయని రోడ్డు పక్క వేపచెట్టు కొమ్మలు నరికి పడేసి వెళ్ళారు. అసిరయ్య ఆ కొమ్మల్ని చూసి చాలాసేపు ఆలోచించాడు. తరవాత ఒక్కొక్క మండా తెచ్చి దడి నిండా గుచ్చడం మొదలుపెట్టాడు.

"ఏం చేస్తున్నావయ్యా?" అన్నాను.

"బావా, క్లీనండుగ్రీనని మైకులో సెప్తన్నారు గదా," అన్నాడు. "పచ్చగా ఉంచండి, సెట్లు పెంచండి అని ఆళ్ళే అంతన్నారు. పచ్చగున్న దడిని ఆళ్ళే ఎలాగ పీకుతారు? దడి అనుకోరు, సెట్లనుకుంతారు."

నిజం చెప్పొద్దూ, ఆ తెలివికి నాకు ముచ్చటేసింది. నిచ్చెన వేసుకుని నా బోర్డు చుట్టూ కూడా నాలుగు మండలు కట్టమన్నాను. మధ్యాహ్నానికి దడి మొత్తం పచ్చగా నిగనిగలాడింది. శుక్రవారం కాబట్టి నూకమ్మత్త అలవాటు చొప్పున సందు దగ్గర కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి లోపలికి వెళ్ళి పడుకుంది. వేపమండలూ పసుపూ పక్కపక్కన చేరాయని ఆమె చూడలేదు. నేను చూశాను గానీ నా బుర్రకు తట్టలేదు.

సరిగ్గా అప్పుడే మున్సిపాలిటీ ట్రాక్టరు వచ్చి ఆగింది. మేస్త్రీ బంగారయ్య ముందు దిగాడు. నిమ్మాడ వైపు రైతు కుటుంబం, వయసు మళ్ళిన మనిషి, నుదుట ఎప్పుడూ బొట్టు. గునపం భుజాన వేసుకుని నాలుగడుగులు వేశాడు. దడిని చూశాడు, సందు దగ్గర రాసిన పసుపు చూశాడు. అక్కడే ఆగిపోయి గునపం మెల్లగా కింద పెట్టాడు.

"సెప్పులిప్పండ్రా," అన్నాడు వెనకున్న కూలీలతో.

అందరూ చెప్పులు విప్పి దండం పెట్టారు. బంగారయ్య అసిరయ్య దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

"ఎవులికి నాయినా?"

"ఎవులికేటి?" అన్నాడు అసిరయ్య ఏమీ అర్థం కాక.

"సెప్పకులే. మంచిది. నోటితో అనకూడదు," అన్నాడు బంగారయ్య.

వేసవిలో మా వైపు గుమ్మానికి వేపమండ, గడపకు పసుపు కనిపిస్తే ఎవరైనా ఒకటే అనుకుంటారు. ఆ ఇంట్లో పిల్లకో పెద్దకో ఒంటిమీద పొక్కులు పోశాయి, అమ్మవారు వచ్చింది. ఆవిడ దిగేదాకా బయటివాళ్ళు ఆ గడప తొక్కరు. ఆ ఇంట్లో పోపు వెయ్యరు, నీచు ముట్టరు. పేరు పెట్టి ఎవరూ ఏమీ అనరు. ఆ మండల మీద చెయ్యి వెయ్యడం మాట దేవుడెరుగు, వాటి నీడ కూడా తొక్కరు.

స్కూటరు మీద వెనకాలే వచ్చిన యుగంధర్ ఏమైందని అడిగాడు. "అమ్మోరు సార్," అన్నాడు బంగారయ్య. చదువుకున్నవాడు, ఏదో అంటాడనుకున్నాను. స్కూటరు దిగి అతనూ దండం పెట్టాడు. "సరే, తగ్గాక చూద్దాం. పాపని జాగ్రత్తగా చూసుకోండి," అని వెళ్ళిపోయాడు. ట్రాక్టరు కూడా వెనక్కి తిరిగింది.

అసిరయ్య, నేను మొహాలు చూసుకున్నాం. అప్పటికి వెలిగింది. కడుపు చేత్తో పట్టుకుని నవ్వాం. దడి నిలిచింది, నా బోర్డు నిలిచింది, మున్సిపాలిటీ చెప్పులు విప్పి దండం పెట్టి మరీ వెళ్ళింది. ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాను.

సాయంత్రం తెలిసింది ఏం కావాలో. జీడి ఫ్యాక్టరీలు వదిలే వేళకు ఆ రోడ్డు ఆడవాళ్ళతో నిండిపోతుంది. పొద్దుటినుంచీ పప్పు ఒలిచిన చేతులతో, జీడి మరకల వేళ్ళతో గుంపులుగా ఇళ్ళకు పోతూ గౌరి సందు దగ్గర ఆగి రాత్రి కూరకు గుప్పెడు నెత్తళ్ళు కొనుక్కుంటారు. గౌరి గిరాకీ అంతా వాళ్ళే. ఆ రోజు ముందు నడుస్తున్న సరస్వతి దడిని చూసి ఆగింది. ఆమె పప్పు ఒలిచేవాళ్ళలో పెద్దది, ఆమె మాటంటే మిగతావాళ్ళకు గురి. చేతులు జోడించి దండం పెట్టి రోడ్డు దాటి అవతలి పక్కకు వెళ్ళిపోయింది. ఆమె వెనకాల అందరూ అదే చేశారు.

గౌరి అప్పుడే ఆటోలోంచి సరుకు దింపుకుంటోంది. ఆ ఆడవాళ్ళనీ దడినీ మార్చి మార్చి చూసి మొగుడి కేసి తిరిగింది.

"నీకు సముద్రం మీద అంత తెలివుంటాది గదా. గట్టెక్కినాక ఎక్కడ ఒగ్గేసి వత్తావు?"

అసిరయ్య ఒక బస్తా భుజానికెత్తుకుని లోపలికి పోయాడు. నా నవ్వు కూడా అక్కడితో ఆగింది.

మర్నాడు పొద్దున్న సందు దగ్గర ఎవరో మజ్జిగ ముంత, రెండు కొబ్బరిబొండాలు పెట్టి వెళ్ళారు. అమ్మవారు వచ్చిన పిల్లకు చలవ చెయ్యాలని. సాయంత్రం సరస్వతి రోడ్డు అవతలినుంచే పలకరించింది.

"గుంట ఎలాగున్నాదే గౌరీ?"

"గుంటకేటీ నేదు సరస్వతక్కా. ఎవులికీ ఏటీ నేదు. మా ఆయన రొట్ట తెచ్చి దడికి గుచ్చినాడు, అంతే."

"అలగే అనాల తల్లీ," అంది సరస్వతి జాలిగా. "వచ్చినాదని మనం అనకూడదు."

అదీ చిక్కు. వచ్చింది అని ఎవరూ అనరు. లేదని అంటే వచ్చినట్టే. గౌరి ఎంత గట్టిగా లేదని చెబితే వాళ్ళు అంత గట్టిగా నమ్మారు. బడిలో రజనిని పంతులమ్మ బుజ్జగించి ఇంటికి పంపేసింది. ఎందుకు పంపారో తెలియని పిల్ల సందు దగ్గర చేరి, రోడ్డు మీద పోయే బస్సుల్ని చూస్తూ కూర్చుంది. లోపల నెత్తళ్ళ బస్తాలు అలాగే ఉన్నాయి. సాయంత్రాలు సముద్రపు తేమగాలి వీస్తోంది. తేమ తగిలితే ఎండుచేప మెత్తబడుతుంది, మెత్తబడితే పారబొయ్యడమే.

అసిరయ్య ఒకరోజు కోపంతో మండలు పీకెయ్యబోయాడు. మొదటి మండ మీద చెయ్యి పడగానే రోడ్డు మీద సైకిలు తొక్కుతున్న ముసలాయన దిగి కేకలు వేశాడు. లోపలినుంచి నూకమ్మత్త పరుగున వచ్చి కొడుకు చెయ్యి పట్టుకుంది. "వద్దురా," అంది.

మూడో నాడో నాలుగో నాడో గౌరి నా షాపు ముందుకొచ్చి నిలబడింది.

"అన్నియ్యా, మున్సిపాలిటీకి ఎల్దాం రా. దడి పీకించీమని అడుగుతాను."

ఇద్దరం వెళ్ళాం. యుగంధర్ ఆమె మాట విని నమ్మలేక రెండోసారి చెప్పించుకున్నాడు. బంగారయ్యను పిలిపించాడు. ఆయన గుమ్మం దగ్గరే నిలబడి తల అడ్డంగా ఊపాడు.

"పని మానీమంటే మానేత్తాను సార్. ఆ మండ మీద సెయ్యి ఎయ్యను."

యుగంధర్ నుదురు రుద్దుకున్నాడు. "మీరే తీసేసుకోండమ్మా, నాకేం అభ్యంతరం లేదు," అన్నాడు. మేం లేచి వస్తుంటే వెనకనుంచి అడిగాడు. "పాపకి నిజంగా ఏం లేదు కదా?"

అంటే అతనూ నమ్మలేదు. తిరిగి వచ్చాక గౌరి నా షాపులో స్టూలు మీద కూలబడి ఏడ్చింది. అన్నాళ్ళుగా పక్కనే ఉన్నాను, ఆమె ఏడవగా చూడడం అదే మొదలు.

"మళ్ళీ తట్టే గతి గావాల అన్నియ్యా," అంది. "నాను మోత్తాను. మోసిందాన్నే. రేపు నా కూతురు నా ఎనకాల నడిసి వత్తాది గదా, ఆ బస్సుల్లో, ఆ అరుగుల కాడ. అది తలుసుకుంతే గుండె నిలవదు."

నాకు అందరిమీదా కోపం వచ్చింది. మున్సిపాలిటీ మీద, కరెంటువాళ్ళ మీద, అసిరయ్య మీద, బోర్డుకు మండలు కట్టమన్న నా మీద. కోపంలోనే ఒక ఉపాయం చెప్పాను.

"ఇందులో ఏముందమ్మా. రేపు పిల్లకు పసుపునీళ్ళు పోసి అమ్మవారు దిగిందని చెప్పెయ్. మండలు తీసెయ్. అందరూ నమ్ముతారు, మూడో రోజుకు బేరాలు మొదలవుతాయి."

గౌరి కళ్ళు తుడుచుకుని నన్ను చూసిన చూపుకు నేను మాట మింగేశాను.

"రాని తల్లిని వచ్చినాదని నాననేదు. దిగినాదని ఎలాగంటాను? పిల్లున్న ఇల్లు అన్నియ్యా. ఆ తల్లితో ఆటలాడమంతావా?"

నూకమ్మత్త కోడల్ని వెతుక్కుంటూ వచ్చి షాపు గుమ్మంలో నిలబడి ఉంది. అన్నీ విన్నట్టుంది. అరుగు మీద కూర్చుని మెల్లగా మాట్లాడింది.

"మావోడు తెచ్చింది రొట్టే. అది నిజం. మరి ఇన్ని రోజులు ఇంతమంది సెప్పులిప్పి దండాలెట్టినారు. ఇంక అది రొట్ట కాదు. పీకి పారెయ్యకూడదు. అలగని ఉంచుకోకూడదు. మోసుకెల్లి తల్లికి అప్పగించీయాల. అబద్దం ఒక్కటీ సెప్పొద్దు. ఎలాగ జరిగినాదో అలగే సెప్పి అప్పగిద్దాం."

గౌరి లేచి అత్త పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

మర్నాడు ఫ్యాక్టరీలు వదిలే వేళకు నూకమ్మత్త తలస్నానం చేసి, తడి ఆరని జుట్టు ముడేసుకుని, కొత్త గంపకు పసుపు రాసి దడి ముందు నిలబడింది. ఏటా ఊరి అమ్మవారి పండక్కి ముందు నడిచేది ఆవిడేనని ఆ రోడ్డులో అందరికీ తెలుసు. పక్కన రజని. చేతుల్లేని గౌను వేసుకుని, ఎండలో నిలబడి పుల్ల ఐసు చీకుతోంది. ఐసు కొనిచ్చింది నేనే. అమ్మవారు వచ్చిన పిల్లను ఎవరూ అలా ఎండలో నిలబెట్టి ఐసు తినిపించరు.

ఆడవాళ్ళు వచ్చారు, చూశారు, ఆగారు. రోడ్డు దాటబోయిన కాళ్ళు అక్కడే నిలిచిపోయాయి. సరస్వతి చూపు పిల్ల మోచేతుల మీద, మెడ మీద తిరిగింది. ఒక్క మచ్చ లేదు.

"ఇనండమ్మా," అంది నూకమ్మత్త. గొంతు పెద్దది కాదు గానీ అందరికీ వినిపించింది. "మా ఇంటికి తల్లి రానేదు. మావోడు తెలివితక్కువగా రొట్ట తెచ్చి దడికి గుచ్చినాడు. నాను సూసుకోకుండా పసుపు రాసినాను. మీరందరూ తల్లేననుకుని దండాలెట్టినారు, సల్ల పోసినారు. ఆ దండాలు నావి కావు, ఆ తల్లివి. అందుకే పట్టుకెల్లి ఆవిడకే ఇచ్చేత్తన్నాను. తప్పయితే నా మీదే ఉంటాది."

దండం పెట్టి మొదటి మండ లాగి గంపలో పెట్టింది. ఎవరూ కదల్లేదు. అసిరయ్య నిచ్చెన మీదినుంచి ఒక్కొక్కటే కోసి తల్లికి అందించాడు. గంప నిండాక ఎత్తుకోబోయింది, బరువుకు ముందుకు తూలింది. గుంపులోంచి బంగారయ్య వచ్చాడు. డ్యూటీ దిగి ఇంటికి పోతూ ఎప్పుడు ఆగాడో నేను చూడలేదు. చెప్పులు విప్పి గంప పట్టుకుని ఆమె తలకెత్తాడు.

"అబద్దమాడి ఉంటే మొయ్యనియ్యకపోదునమ్మా," అన్నాడు. "పద."

ఊరి చివర అమ్మవారి గద్దె దాకా నూకమ్మత్త నడిచింది. సరస్వతి పక్కింట్లో బిందెడు నీళ్ళు అడిగి తీసుకుని వెనకాల నడిచింది. ఆమె నడిచేసరికి మిగతావాళ్ళూ నడిచారు. డప్పు లేదు, హడావిడి లేదు.

వాళ్ళు అటు వెళ్ళగానే గౌరి ఇంట్లోంచి కత్తి తెచ్చి దడి కట్లు తెంపడం మొదలుపెట్టింది.

"ఇప్పుడెందుకమ్మా? మున్సిపాలిటీవాళ్ళు ఇప్పట్లో ఇటు రారుగా," అన్నాను.

"ఇంక నా కొట్టు గురించి ఎవులూ ఏటీ అనుకోకూడదన్నియ్యా. లోపలేటున్నాదో అందరూ సూడాల."

అసిరయ్యకు ఎట్టకేలకు చేతులకు తగిన పని దొరికింది. వలల ముడులు అతని వేళ్ళకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియవు. ఒక్క వల చిరగకుండా విప్పి చుట్ట చుట్టాడు. గుంజలు ఊపి పీకాడు. నా బోర్డు నేనే దింపుకున్నాను. దింపుతుంటే బాధ కలిగింది, దాచను. సందె చీకటి పడేలోపు రోడ్డుకూ కొట్టుకూ మధ్య అడ్డమేదీ లేకుండా పోయింది.

ఆడవాళ్ళు తిరిగి వస్తూ కొట్టు ముందు నిలబడిపోయారు. అన్నేళ్ళుగా అక్కడ కొంటున్నవాళ్ళు లోపలి జాగా చూడడం అదే మొదటిసారి. పేడతో అలికి ఆరబెట్టిన నేల. కడిగి బోర్లించిన తట్టలు. చాపల మీద రకానికొక వరసగా చేపలు, ఇసుక జల్లించే జల్లెడ, విడిగా మూత పెట్టిన ఉప్పు కుండ. రోజూ పొద్దున్నే లేచి గౌరి చేసేది అదంతా. గోడ పక్క షాపు కాబట్టి నాకు తెలుసు. ఇంకెవరికీ తెలియదు.

సరస్వతి చాలాసేపు చూసింది.

"ఇలగుంటాదేటే లోపల?" అంది. "అంతెత్తు దడి కట్టినావంటే కుళ్ళు సరుకు దాత్తన్నావనుకునీవోళ్ళం. దగ్గరలో ఇంకో కొట్టు నేక నీ కాడ కొనీవోళ్ళం గానీ, ఇంటికెల్లి ఏరుకుని, సగం పారబోసి వండుకునీవోళ్ళం."

గౌరి మొహం పాలిపోయింది. కొట్టును కాపాడుతోందనుకుని నిలబెట్టుకున్న దడి. అది పోతే కొట్టే పోతుందని భయపడింది. ఆ దడి ఇన్నేళ్ళూ తన కష్టాన్నే జనానికి కనబడకుండా కప్పింది.

సరస్వతి చెప్పులు పక్కన వదిలి లోపలికి వచ్చింది. చాప దగ్గర బాసింపట్టు వేసుకుని కూర్చుని, జీడి మరకల వేళ్ళతో నెత్తళ్ళు గుప్పెట పట్టి వాసన చూసి, కొంగులో పోసుకుంది. "బాగున్నాయే," అంది. "తూకం కాటా ఇలా తే." ఆమె వెనకాల ఒకరి తరవాత ఒకరు వచ్చి కూర్చున్నారు. కాసేపటికి ఆ జాగాలో అడుగు పెట్టడానికి సందు లేదు. గౌరి తూస్తూ, మధ్యమధ్య ముంజేత్తో కళ్ళు తుడుచుకుంటూ, ఎవరో ఏదో అంటే నవ్వుతూ కనిపించింది. నేను నా షాపు లోపలికి వెళ్ళి బ్రష్షులు కడుక్కున్నాను.

తరవాత వారంలో అసిరయ్య ఆ సరుగుడు గుంజలతోనే గుండె ఎత్తున పందిళ్ళు వేశాడు. వాటి మీద చేపలు పరిచి, పైన పాత వలలు బిగించి కట్టాడు. కుక్కలకు అందవు, కాకులకు దొరకవు. నేల మీద కంటే గాలి బాగా తగిలి ఒక పూట ముందే ఎండాయి. బోర్డు గోడ మీదికి మారింది. గోడ చిన్నది కాబట్టి అక్షరాలు చిన్నవి చేసి, ఒక్క చేపనే వేశాను. మున్సిపాలిటీ మీద కోపంతో దానికి పొలుసులు రెట్టింపు పెట్టాను.

యుగంధర్ టేపు పట్టుకుని వచ్చాడు. కాలవ గట్టు నుంచి కొలిచి గీత గీసి, "ఇక్కడ వేసుకోవచ్చమ్మా దడి. మొలెత్తు దాకా," అన్నాడు. అసిరయ్య గుంజ తెచ్చి తన మొలకు ఆనించి గుర్తు పెట్టబోయాడు. గౌరి వచ్చి గుంజ లాక్కుంది. చాప దగ్గర తను రోజూ కూర్చునే చోట కూర్చుని, గుంజ పక్కన నిలబెట్టి, భుజం కిందికి వేలు పెట్టి చూపించింది.

"ఇక్కడికి కొయ్యి."

"అంత పొట్టిదేటే?" అన్నాడు అసిరయ్య. "సారు మొలెత్తు అన్నారు గదా."

"నిలబడితే కనపడీదానికి మొలెత్తు సాలు," అంది గౌరి. "నాను కూకుని అమ్ముతాను. కూకున్నా కనపడాల."

యుగంధర్ టేపు చుట్టేసుకుని జేబులో పెట్టుకున్నాడు. అసిరయ్య గుంజ కోశాడు.